ఎల్లోస్టోన్ ఎల్క్ మందల పాత లెక్కలను ఒకే గీతగా కలపవచ్చునా?

పాతపుటలు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులోకి తోడేళ్ళను తిరిగి తెచ్చిన తరువాత అక్కడి ఎల్క్ మందలు ఎంత తగ్గాయన్న విషయం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఎల్క్‌ను చూడనివారు దానిని మన అడవుల్లోని కణుజుకు దూరపు చుట్టంగా భావించవచ్చు. మగది మూడు వందల కిలోలకు పైగా తూగుతుంది. ఐరోపాలో ఇదే పేరును మూస్ అనే వేరొక జంతువుకు వాడతారు కనుక పాత గ్రంథాలు చదివేటప్పుడు నేను కొంత తికమకపడ్డాను.

నా ఇబ్బంది ఇది. పార్కు ఉత్తర భాగంలో చలికాలం గడిపే మందకు సంబంధించి నాకు దొరికిన సంఖ్యలన్నిటినీ ఒక పట్టికలో వేసుకున్నాను. 1914లో 35 వేలకు పైగా అని ఉంది. 1919-20 నాటి భీకరమైన శీతాకాలంలో వేలకు వేలు చచ్చిపోయాయని ఉంది. 1968లో 3,172, 1994లో 19,045, 2013లో 3,915, 2018లో 7,579 అని ఉన్నాయి. వీటిని చుక్కలుగా పెట్టి గీత కలిపితే రెండు మహాపతనాలు కనిపిస్తున్నాయి. అయితే వందేళ్ళ క్రితం, విమానాలు లేని రోజుల్లో, కొండలూ లోయలూ పైన్ అడవులూ నిండిన ఆ ప్రదేశంలో గుర్రాల మీద తిరిగే మనుషులు 35 వేల జంతువులను ఎలా లెక్కపెట్టగలిగారన్న సందేహం నన్ను వదలడం లేదు. ఈ సంఖ్యలన్నిటినీ ఒకే గీతగా కలపడం సబబేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.


మంచుదారి (జవాబు)

మీ సందేహం సరైనదే. ఆ 35 వేలు ఎలా పుట్టిందో తెలిస్తే గీత కలపవచ్చునా లేదా అన్నది సగం తేలిపోతుంది.

ఎల్లోస్టోన్ 1872లో పార్కు అయింది కానీ, 1886 నుంచి 1918 వరకు దాని కాపలా సైన్యం చేతిలో ఉండేది. అంతకుముందు చర్మాల కోసం జరిగిన వేట ఘోరంగా ఉండేది. పార్కులో వేటను 1883లో నిషేధించినా, దొంగ వేటగాళ్ళను శిక్షించే చట్టం 1894లో గానీ రాలేదు. ఆ దశ దాటిన తరువాత మందలు కోలుకున్నాయన్నది ఎవరూ కాదనరు. ఎంత కోలుకున్నాయన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

సైనికులూ, వారికి దారి చూపే స్కౌట్లూ గస్తీ తిరుగుతూ, గుర్రాల మీదనో స్కీల మీదనో వెళుతూ, తమకు కనిపించిన మందలను లెక్కించి రాసుకునేవారు. ఈ పని ఒక్క రోజులో అయ్యేది కాదు; వారాల తరబడి సాగేది. పైగా చలికాలం చివర, వసంతం మొదట్లో, మంచు కరిగే కొద్దీ ఎల్క్‌లు పచ్చిక వెతుక్కుంటూ దిగువ లోయల నుంచి పైకి కదులుతాయి. సోమవారం పార్కు ఉత్తర సరిహద్దులోని గార్డినర్ ఊరి దగ్గర ఒకరు లెక్కించిన మంద, రెండు వారాల తరువాత పార్కు లోపలి లామార్ లోయలో మరొకరి చిట్టాలోకి ఎక్కితే దానిని పట్టుకునే మార్గం ఏముంటుంది? దట్టమైన చెట్ల మాటున ఉన్నవాటిని చూడకుండానే వదిలేయడం ఒక వైపు, చూసినవాటినే రెండుసార్లు రాయడం మరొక వైపు. ఈ రెండు తప్పులూ ఒకదానినొకటి కొట్టేసుకుంటాయని ఆశించడానికి ఆధారం లేదు. అన్నిటికన్నా పెద్ద లోపం, కళ్ళతో చూసి లెక్కించినవి ఎన్ని, చూడనివాటికి ఊహతో కలిపినవి ఎన్ని అన్న తేడా ఆ నాటి సంఖ్యల్లో మనకు స్పష్టంగా కనిపించకపోవడం. 1912 నుంచి 1914 వరకు 30 వేల నుంచి 35 వేలకు ఎక్కిన ఆ వరుసను చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ పాత చిట్టాలనన్నిటినీ తిరగేసి పరిశీలించినవాడు డగ్లస్ హ్యూస్టన్ అనే పార్కు శాస్త్రవేత్త. 1982లో ప్రచురితమైన ఆయన అధ్యయనం తేల్చిన ముఖ్య విషయం ఏమిటంటే, 1914 ప్రాంతంలో మంద అంతలా పెరిగిందనడానికీ, ఆ తరువాత ఒక్కసారిగా కుప్పకూలిందనడానికీ నమ్మదగిన ఆధారం లేదు. అంటే మీ పట్టికలోని మొదటి మహాపతనం చాలావరకు కాగితం మీదే జరిగి ఉండవచ్చు. 1919-20 శీతాకాలంలో చావులు లేవని కాదు. చలికీ, పార్కు సరిహద్దు దాటి ఉత్తరానికి వచ్చిన వాటి మీద జరిగిన వేటకూ చాలా జంతువులు పోయాయి. అయితే ఉన్నవే తక్కువైనప్పుడు పోయినవి అన్ని వేలు కావడం కుదరదు.

నాకు బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. పచ్చిక నేల మోయలేనంతగా మంద పెరిగి, ఆకలితో కూలిపోయిందన్న ఆ కథ ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు పార్కు యాజమాన్యపు ఆలోచనను నడిపించింది. ఎల్క్‌లను పట్టి ఇతర రాష్ట్రాలకు పంపారు, కాల్చారు. 1961-62 శీతాకాలంలో ఒక్కసారే నాలుగు వేలకు పైగా ఎల్క్‌లను పార్కు ఉద్యోగులే చంపారు. ప్రజల్లో ఆగ్రహం పెరిగి, 1967లో సెనేట్ విచారణ జరిగిన తరువాత ఆ పని ఆగింది. పచ్చిక నేలల దుస్థితి గురించి అప్పటివారికి వేరే పరిశీలనలు కూడా ఉన్నాయి, అది నిజమే. కానీ ఆ వాదనకు వెన్నెముకగా నిలిచినది మాత్రం ఈ సరిగా లెక్కించని సంఖ్యే.


లెక్కల పంతులు (జవాబు)

మంచుదారి గారు చరిత్ర చెప్పారు కనుక నేను కూడికలూ గుణకారాలకే పరిమితమవుతాను. పాత చిట్టాలను మాత్రమే అనుమానించి, విమానాల లెక్కలను వేదవాక్యంగా తీసుకోవడం కూడా పొరపాటే.

వంద ఎల్క్‌ల మంద ఒకటి ఉందనుకుందాం. వాటిలో ఆడవి అరవై అయిదు అనుకుంటే, ఇంకా ఈడుకు రానివి పోను ఈనగలిగినవి సుమారు యాభై. ఆడ ఎల్క్ ఏడాదికి ఒక పిల్లనే ఈనుతుంది. కవలలు చాలా అరుదు. కొన్ని చూలు నిలవవు, కొన్ని పిల్లలు మొదటి వేసవిలోనే ఎలుగుబంట్ల పాలవుతాయి, పెద్దవాటిలోనూ కొన్ని చస్తాయి. ఎంత ఉదారంగా లెక్క వేసినా, బయటి నుంచి వలస వచ్చి చేరితే తప్ప, ఒక మంద ఏడాదికి 30 శాతం పెరగడం దాదాపు అసాధ్యం.

ఇప్పుడు మీ పట్టికకు వద్దాం. 1968లో 3,172 ఉన్నది 1971 నాటికి 7 వేలు దాటింది. అంటే మూడేళ్ళ పాటు ఏటా 30 శాతానికి పైగా పెరిగినట్టు. కాల్చివేతలు ఆగిపోయిన మాట నిజమే, మంద నిజంగానే వేగంగా పెరిగింది కూడా. కానీ ఇంత పెరుగుదల రావాలంటే 1968 నాటి లెక్కలో చాలా ఎల్క్‌లు కంటపడకుండా పోయి ఉండాలి. ఇంకా విచిత్రమైనది 1990ల మొదట్లో ఉంది. 1990-91 శీతాకాలంలో సుమారు 9,500 కనిపించాయి. రెండేళ్ళు తిరిగేసరికి 17,500కు పైగా కనిపించాయి. ఏటా 36 శాతం! అదీ సరిహద్దు బయట వేట సాగుతున్న కాలంలో. 1991లో ఎల్క్‌లు మాయమూ కాలేదు, ఆ తరువాత ఆకాశం నుంచి ఊడిపడనూ లేదు. ఆ ఏడాది వాతావరణం లెక్కకు అనుకూలించలేదు, అంతే.

వాతావరణానికి ఇంత శక్తి ఎలా వచ్చిందో చెబుతాను. ఇప్పటి పద్ధతిలో ఉత్తర శీతాకాలపు మేత నేలను అరవైకి పైగా ముక్కలుగా విభజించి, మూడు నాలుగు చిన్న విమానాలు వీలైనంతవరకు ఒకే రోజున తిరుగుతాయి. డిసెంబరు, మార్చి మధ్య ఏదో ఒక మంచి రోజు కోసం ఎదురుచూస్తారు. ఒకే రోజు కనుక రెండుసార్లు లెక్కించడం అన్న పాత జబ్బు చాలావరకు పోయింది. కానీ కంటపడకపోవడం అన్న జబ్బు మిగిలే ఉంది. మంచు లోతుగా పడితే ఎల్క్‌లు దిగువన ఉన్న బయలు నేలలకు దిగి వస్తాయి. కొత్త మంచు తెల్లదనం మీద వాటి గోధుమ రంగు ఒళ్ళు స్పష్టంగా కనిపిస్తుంది. మంచు తక్కువగా పడిన ఏడు అవి చెల్లాచెదురుగా పై కొండల్లోనూ, చెట్ల నీడల్లోనూ ఉండిపోతాయి. అక్కడక్కడ కరిగిన మంచు, మధ్య మధ్య సేజ్ పొదలు, వాటి మధ్య ఒక గోధుమ రంగు జంతువు ఉంటే గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్న మనిషికి అది కనబడే అవకాశం ఎంత? ఇడాహో రాష్ట్రంలో 1980లలో, ఎక్కడున్నాయో తెలిపే రేడియో పట్టీలు మెడకు కట్టిన ఎల్క్‌ల మీద ప్రయోగాలు చేసి, గుంపు ఎంత పెద్దదైతే అంత తేలికగా కనిపిస్తుందనీ, చెట్ల కప్పు ఎంత దట్టమైతే అంత తక్కువగా కనిపిస్తుందనీ లెక్కగట్టి, దానికి తగిన సవరణ పద్ధతిని రూపొందించారు. ఎల్లోస్టోన్ పట్టికలో మనకు మామూలుగా దొరికేవి మాత్రం సవరించని సంఖ్యలు. అంటే ఆ రోజున కంటపడినవి, కనీసం అన్ని ఉన్నాయని మాత్రమే చెప్పేవి.

దీని పర్యవసానం చూడండి. కేవలం ఉదాహరణకు, 1994లో ప్రతి నాలుగింట మూడు కనిపించాయనీ, 2013లో సగమే కనిపించాయనీ అనుకుంటే, 19,045 కాస్తా 25 వేలు దాటుతుంది, 3,915 సుమారు 7,800 అవుతుంది. పతనం అప్పుడూ పతనమే, కానీ 79 శాతం తగ్గుదల 69 శాతానికి దిగుతుంది. మీరు వ్యాసంలో శాతాలు రాయబోతున్నారు కనుక ఇది చెబుతున్నాను.

ఒక పక్కమాట. ఈ మొత్తం చరిత్రలో గట్టిగా నమ్మదగిన లెక్కలు చచ్చినవాటివే. కాల్చిన ప్రతి జంతువుకూ, లారీ ఎక్కించిన ప్రతి జంతువుకూ పద్దు ఉంది. 1961-62లో నాలుగు వేలకు పైగా చంపిన తరువాత హెలికాప్టరుతో చూస్తే సుమారు 5,700 మిగిలి కనిపించాయి. రెండూ కలిపితే ఆ శీతాకాలం మొదట్లో కనీసం పదివేలకు దగ్గరగా ఉన్నాయన్నది ఎవరూ కదిలించలేని మాట. బతికి ఉన్నవాటి లెక్కకు చచ్చినవాటి పద్దు సాక్ష్యం చెప్పవలసి రావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.


చెలమ (జవాబు)

నేను ఎల్లోస్టోన్ చూడలేదు. కానీ నల్లమలలో వేసవి లెక్కకు స్వచ్ఛందంగా వెళ్ళినవాడిని కనుక రెండు మాటలు చెప్పాలనిపించింది. ఎండలు ముదిరి నీరు కొన్ని గుంటలకే పరిమితమైనప్పుడు, ఒక్కో నీటి గుంట దగ్గర మంచె మీద కూర్చొని, వచ్చిపోయే దుప్పులనూ కణుజులనూ రాసుకోవడం మా పని. రాత్రి పది గంటలకు నీళ్ళు తాగి వెళ్ళిన కణుజే తెల్లవారుజామున మళ్ళీ వచ్చిందా, లేక అది వేరొకటా అన్నది నా పక్కనున్న ఉద్యోగికీ తెలియదు, నాకూ తెలియదు. మేము ఇద్దరమూ రెండుగానే రాశాము. ఆ ఏడు ముందుగా ఒక వాన పడి ఉంటే అడవి అంతా చెలమలు నిండి, మా గుంట దగ్గరకు వచ్చేవే సగమయ్యేవి. కాగితం మీద కణుజులు సగం చచ్చిపోయినట్టే కనిపించేవి.

మన దేశంలో పులుల లెక్క విషయంలోనూ ఇదే జరిగింది. దశాబ్దాల పాటు పాదముద్రలను బట్టి లెక్కించారు. సరిస్కాలో పులులే లేవని 2005లో బయటపడిన తరువాత, నడక దారుల్లో కెమెరాలు పెట్టి చారలను బట్టి ఒక్కో పులినీ గుర్తుపట్టే పద్ధతికి మారారు. 2006 నాటి అంచనా 1,411. అంతకుముందు చెప్పుకున్న సంఖ్యల పక్కన దానిని పెట్టి, పులులు ఒక్కసారిగా ఇన్ని పోయాయని రాసినవారు చాలామంది ఉన్నారు. పులులు తగ్గింది నిజమే. కానీ రెండు పద్ధతుల మధ్య తేడాను కూడా పులుల చావుగానే రాసేశారు. పులికి చారలున్నాయి కనుక సరిపోయింది. ఎల్క్‌కు అటువంటి గుర్తేమీ లేదు.


పాతపుటలు (తిరిగి ప్రశ్న)

ముగ్గురికీ కృతజ్ఞతలు. 1910ల సంఖ్యలను గీత నుంచి తీసివేస్తున్నాను. అయితే నా వ్యాసానికి గుండెకాయ 1995 తరువాతి భాగం. 1995 మొదట్లో లెక్క 16,791, 1998లో 11,692. ఆ మూడేళ్ళలో అయిదు వేలు తగ్గాయి. తోడేళ్ళు వచ్చినది సరిగ్గా అప్పుడే కదా? కనీసం ఈ ఒక్క మెట్టునైనా తోడేళ్ళ ఖాతాలో రాయవచ్చునా?


మంచుదారి (జవాబు)

రాయకండి. మీరు చెప్పిన ఆ రెండు లెక్కల మధ్య రెండు శీతాకాలాల్లో అసలు లెక్కింపే జరగలేదు. తోడేళ్ళను తెచ్చిన వెంటనే ఏమి జరిగిందో చూడడానికి అత్యంత విలువైన రెండేళ్ళు పట్టికలో ఖాళీలు. ఆ ఖాళీ లోపలే 1996-97 శీతాకాలం ఉంది. లోతైన మంచు, దాని మీద గడ్డకట్టిన పొర, గిట్టతో గీరినా గడ్డి అందని పరిస్థితి. ఎల్క్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి, చాలా సరిహద్దు దాటి గార్డినర్ వైపు దిగి వేటకు బలి అయ్యాయి. తోడేళ్ళు 1995లో 14, 1996లో 17 కెనడా నుంచి వచ్చాయి. 1998 మొదటికి పార్కు మొత్తం మీద వందకు అటూ ఇటూ ఉన్నాయి. అయిదు వేల ఎల్క్‌లను అవి మింగాయనడం కుదరదు. ఆ తరువాత, 2000 దాటిన కొద్దీ, తోడేళ్ళ వాటా పెరిగిన మాట వాస్తవమే. దాని పక్కనే కరవు, ఎలుగుబంట్లు పిల్లలను తినడం, సరిహద్దు బయట ఏటా సాగిన చలికాలపు వేట కూడా ఉన్నాయి.

ఇంకొక చిక్కు ఉంది, పంతులు గారు దీనిని మరింత బాగా చెప్పగలరు. తోడేళ్ళు దగ్గరలో ఉన్నప్పుడు ఎల్క్‌లు బయలు వదిలి చెట్ల మాటుకు జరుగుతాయని పార్కుకు వాయవ్యంగా ఉన్న గల్లాటిన్ లోయలో జరిగిన పరిశీలనలో తేలింది.


లెక్కల పంతులు (జవాబు)

అవును, ఈ మాటను మీ వ్యాసంలో తప్పక చేర్చండి. చెట్ల మాటుకు చేరితే విమానం నుంచి కనిపించడం తగ్గుతుంది. అప్పుడు తోడేళ్ళు ఒక్క ఎల్క్‌ను కూడా చంపకుండానే లెక్కను తగ్గించగలవు. దేనివల్ల తగ్గాయో తెలుసుకోవాలనుకుంటున్నామో, అదే మన కొలబద్దను కూడా వంచుతోందన్నమాట. నిజానికి మంద బాగానే తగ్గింది; పిల్లల నిష్పత్తి, పట్టీలు కట్టిన ఆడవాటి ఆయుర్దాయం వంటి వేరే ఆధారాలు కూడా అదే చెబుతున్నాయి. నేను అంటున్నదల్లా ఎంత తగ్గిందన్నది ఈ పట్టిక ఒక్కటే చెప్పలేదని.

మరొకటి. మంద ఏ చోట లెక్కకు వస్తున్నదో కూడా మారింది. వేసవిలో పార్కు లోపల ఆరేడు మందలకు చెందిన పది నుంచి ఇరవై వేల ఎల్క్‌లు మేస్తాయి. చలికాలం వచ్చేసరికి చాలావరకు బయటి పల్లపు నేలలకు పోతాయి. ఉత్తరపు మందలో కూడా ఒకప్పుడు అధిక భాగం పార్కు లోపలే చలికాలం గడిపేది, ఇప్పుడు అధిక భాగం సరిహద్దుకు ఉత్తరాన మోంటానాలో గడుపుతోంది. కనుక ఎవరైనా పార్కులో ఎల్క్‌లు ఎన్ని అని అడిగితే, ఏ నెలలో అని తిరిగి అడగక తప్పదు. దక్షిణాన జాక్సన్ లోయలో 1912లో ఏర్పడిన ఎల్క్ రక్షిత ప్రాంతంలో ఈ గొడవ కొంత తక్కువ. అక్కడ చలికాలంలో మేత వేస్తారు, మేత దగ్గర బారులు తీరిన జంతువులను లెక్కించడం మన పాల కేంద్రం దగ్గర గేదెలను లెక్కించినంత సులువు. అడవిలో తిరిగేవాటిని ఆ లెక్కతో పోల్చకండి.


పాతపుటలు

చాలా మేలు చేశారు. పట్టికను మళ్ళీ రాశాను. సంఖ్యల నిలువు వరుస మీద ఇంతకుముందు ‘ఉన్నవి’ అని రాసుకున్నది కొట్టివేసి ‘కనిపించినవి’ అని మార్చాను. దాని పక్కన ఎవరు లెక్కించారు, దేని మీద తిరిగి లెక్కించారు, ఎన్ని రోజుల్లో, ఆ ఏడు మంచు ఎలా ఉంది అన్నవాటికి నాలుగు కొత్త వరుసలు చేర్చాను. చుక్కల మధ్య గీతలు చెరిపివేశాను. 1990-91 అంకె పక్కన ‘వాతావరణం అనుకూలించలేదు’ అని రాసి, 1996, 1997 గడుల్లో ‘లెక్కించలేదు’ అని పెట్టాను. 1914 వరుసలో మాత్రం ఎవరు అన్న గడిలో ‘సైనికులు, స్కౌట్లు’ అని రాయగలిగాను, ‘ఎన్ని రోజుల్లో’ అన్న గడిలో ‘వారాల తరబడి’ అని రాశాను. మంచు గడి ఖాళీగానే ఉంది.